మూడింటి బస్సు: డిస్నీ మారథాన్ వీకెండ్‌కి వెళ్లొచ్చిన ఆర్టీసీ మనిషి రివ్యూ

ముందే మార్కులు వేసేస్తాను, కారణాలు తర్వాత చెప్తాను. పరుగు పోటీ ఏర్పాట్లకు అయిదుకి అయిదు. రవాణాకు నాలుగున్నర. తిండికి మూడు. పరుగు, పార్కులు, చంటిపిల్లాడు, మోకాళ్ల నొప్పుల అమ్మమ్మ, అన్నిటినీ ఒక్క వారాంతంలో ఇరికించే ప్లానుకి మాత్రం రెండు. ఈ చివరి మార్కు డిస్నీకి వేసింది కాదు. పట్టిక గీసుకుని, గంటగంటకీ ఒక పని రాసుకుని బయల్దేరే మన పిల్లలకు వేసింది.

నేను ఆర్టీసీలో ట్రాఫిక్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో చాలా ఏళ్లు నిలబడ్డ కాళ్లు ఇవి. అందుకని ఈ రివ్యూలో రోలర్ కోస్టర్ల కంటే బస్సులు ఎక్కువ కనబడితే ఏమీ అనుకోకండి. రోలర్ కోస్టర్ల గురించి చెప్పేవాళ్లు వేలల్లో ఉన్నారు. తెల్లవారుజామున మూడింటికి అంతమందిని ఒకచోటికి ఎలా చేరవేస్తారో చెప్పినవాళ్లు నాకైతే కనబడలేదు.

విషయం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, ఓర్లాండో దగ్గర వాల్ట్ డిస్నీ వరల్డ్ ఉంది. ఏటా జనవరిలో అక్కడ మారథాన్ వీకెండ్ జరుగుతుంది. మొదటి మారథాన్ 1994లో పెట్టారు. ఇప్పుడది నాలుగు రోజుల పండగ: గురువారం 5 కిలోమీటర్లు, శుక్రవారం 10, శనివారం హాఫ్ మారథాన్ (సుమారు 21 కిలోమీటర్లు), ఆదివారం ఫుల్ మారథాన్ (సుమారు 42). హాఫ్ పూర్తిచేస్తే డోనాల్డ్ డక్ మెడల్, ఫుల్ పూర్తిచేస్తే మిక్కీ మెడల్. శనివారం హాఫ్, ఆదివారం ఫుల్, రెండూ పరిగెత్తితే గూఫీ ఛాలెంజ్ అంటారు, అది 39.3 మైళ్లు. నాలుగు రోజులూ నాలుగు పరుగులూ చేస్తే డోపీ ఛాలెంజ్, మొత్తం 48.6 మైళ్లు. డోపీ అంటే స్నోవైట్ కథలోని ఏడుగురు మరుగుజ్జుల్లో అమాయకుడి పేరట. పేరు సరిగ్గానే పెట్టారని మా ఆవిడ అంది.

మా ఇంట్లో పరిగెత్తింది మా అమ్మాయి. అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్‌లో ఉంటారు వాళ్లు. మనవాళ్లు బాగా స్థిరపడ్డ ఊరు. శనివారం పొద్దున్నే అక్కడి పార్కుల్లో నడుస్తుంటే వెనక నుంచి తెలుగు మాటలు, బూట్ల చప్పుడు కలిసే వినబడతాయి. పిల్లాడు పుట్టాక ఒళ్లు తగ్గించుకోవడానికి మొదలుపెట్టిన పరుగు, చివరికి హాఫ్ మారథాన్ దాకా వచ్చింది. "నాన్నా, నువ్వూ అమ్మా ఎలాగూ ఇక్కడే ఉంటారు కదా, అందరం వెళ్దాం" అంది. మా ఆవిడ ఒకటే షరతు పెట్టింది: భోగి నాటికి ఇంట్లో ఉండాలి, మనవడికి భోగిపళ్లు పోయాలి. సాధారణంగా ఈ వీకెండ్ సంక్రాంతికి కాస్త ముందే వస్తుంది, కాబట్టి ఆ షరతు నిలబడింది. కానీ ఒకటి గమనించుకోండి, జార్జియాలో అప్పటికే బడులు తెరిచి ఉంటాయి. ఒకటో తరగతి చదివే మా మనవరాలు బడి ఎగ్గొట్టే రావాల్సొచ్చింది.

డబ్బు సంగతి మొదట తేల్చేద్దాం. హాఫ్ మారథాన్ ఎంట్రీయే 200 డాలర్లు దాటుతుంది. అందులో పార్కు టికెట్ ఉండదు. చాలామంది ఇక్కడే పొరపడతారు. పరుగులో మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కులోని కోటలోంచి దూసుకెళ్తావు, అదే కోట మధ్యాహ్నం పిల్లలకు చూపించాలంటే మళ్లీ టికెట్ కొనాల్సిందే. కట్టిన ఎంట్రీ డబ్బు వెనక్కి రాదు, ఇంకొకరి పేరు మీదికి మార్చనూ మార్చరు. పార్కు టికెట్లలో మూడేళ్లలోపు పిల్లలకు ఉచితం, మూడు నుంచి తొమ్మిది వరకు కొంచెం తక్కువ, పది నిండితే పెద్దవాళ్ల లెక్క. వృద్ధులకు రాయితీ లేదు. మనకి ఆర్టీసీలో సీనియర్ సిటిజన్లకు 25 శాతం తగ్గింపు ఇచ్చేవాళ్లం, ఇన్ని వేల కోట్ల కంపెనీకి ఆ మాత్రం చెయ్యి రాలేదు.

బస విషయంలో మా అల్లుడు గారు తెలివైన పని చేశారు. ఆరుగురం కాబట్టి ఆర్ట్ ఆఫ్ ఏనిమేషన్ అనే డిస్నీ హోటల్లో ఫ్యామిలీ సూట్ తీసుకున్నారు. అందులో రెండు బాత్‌రూములున్నాయి. ఈ ఒక్క వాక్యం కోసమైనా ఈ రివ్యూ చదవడం దండగ కాదు. తెల్లవారుజామున రెండింటికి లేచి తయారయ్యే మనిషి ఒకరు, రాత్రంతా మూడుసార్లు లేచే ముసలివాళ్లు ఇద్దరు, చంటివాడు ఒకడు ఉన్న ఇంటికి రెండో బాత్‌రూము విలాసం కాదు. చిన్న ఫ్రిజ్జు, మైక్రోవేవ్ ఉన్నాయి. స్టవ్ ఉండదు. మా ఆవిడ చిన్న రైస్ కుక్కర్ బట్టల మధ్య దాచి తెచ్చింది, దాని సంగతి ఇంతకంటే రాయను.

డిస్నీ హోటల్లోనే ఎందుకు దిగాలి, బయట చవగ్గా దొరుకుతాయి కదా అని అడగొచ్చు. మామూలు రోజుల్లో అయితే బయటే దిగమంటాను. పరుగు వారాంతంలో మాత్రం వద్దు. పోటీ నడిచేది డిస్నీ రోడ్ల మీదే, వాటిలో చాలావాటిని తెల్లవారుజామున మూసేస్తారు. హోటల్ నుంచి పోటీ దగ్గరికి వాళ్ల బస్సులు నడుస్తాయి. సొంత కారుతో బయల్దేరినవాడు చీకట్లో మళ్లింపు రోడ్లు పట్టుకుని, పార్కింగ్ వెతుక్కుని, బీపీ పెంచుకుంటాడు. పైగా డిస్నీ హోటల్లో దిగితే కారు పార్కింగ్ ఉచితం.

ఇక అసలు సంగతికొస్తాను. శనివారం తెల్లవారుజామున మూడింటికి నేను, అమ్మాయి కింద బస్ స్టాప్‌కి వెళ్లాం. జనవరి ఫ్లోరిడా గురించి అందరూ వెచ్చగా ఉంటుందనుకుంటారు. పగలు ఇరవై రెండు డిగ్రీల వరకు వెళ్లొచ్చు గానీ, తెల్లవారుజామున పది దగ్గర ఉంటుంది, ఒక్కోసారి ఇంకా పడిపోతుంది. పరిగెత్తేవాళ్లంతా పాత స్వెటర్లు, చిరిగిన దుప్పట్లు కప్పుకుని నిలబడ్డారు. అవి పారేయడానికేనట. మొదలయ్యే ముందు విప్పి పక్కన పడేస్తే, ఏరి దానధర్మాలకు ఇస్తారు. కప్పుకున్న దుప్పట్ల కింద మిక్కీ చెవులు, జలతారు గౌన్లు, ఒకాయనకి వెనక తోక కూడా ఉంది. ఆర్టీసీలో అంత సర్వీసులో తోకున్న ప్రయాణికుణ్ణి నేను ఎక్కించుకోలేదు.

క్యూ కదిలిన తీరు చూస్తే నాకు ముచ్చటేసింది. బస్సు వచ్చి ఆగడం, తలుపులు తెరవడం, నిండగానే కదలడం, దాని వెనకే ఇంకోటి వచ్చి ఆగడం, అంతా ఒకే లయలో జరిగింది. ఎవడూ తోసుకోలేదు, ఎవడూ అరవలేదు. చీకట్లో రేడియో పట్టుకున్న ఒకావిడ చెయ్యెత్తితే డ్రైవర్ ఆగుతాడు, దించితే కదులుతాడు. 2016 కృష్ణా పుష్కరాలప్పుడు ఆ పన్నెండు రోజులూ స్పెషల్ బస్సులు తిప్పిన అనుభవం నాది. జనం ఎంతమంది అన్నది పెద్ద సమస్య కాదు. అందరూ ఒకే గంటలో రావడం, ఒకే గంటలో వెళ్లిపోవాలనుకోవడం అసలు సమస్య. పుష్కర ఘాట్లకు భక్తులు రోజంతా వస్తూనే ఉంటారు. ఇక్కడ అయిదింటికి పరుగు మొదలు, కాబట్టి నాలుగు లోపల అందరూ చేరాలి. ఆ ఒత్తిడిని వీళ్లు మూడు విధాలుగా విరిచారు. బస్సులు చాలా ముందు నుంచే మొదలుపెడతారు. హోటళ్ల వారీగా విడదీస్తారు. చేరినవాళ్లని ఒకేసారి వదలకుండా గుంపులుగా, కొన్ని నిమిషాల తేడాతో వదులుతారు. ఈ గుంపులకు ఇంగ్లీషు అక్షరాలు పెట్టి కొరాల్స్ అంటారు. ఎవరు ఏ గుంపులో అన్నది రిజిస్ట్రేషన్ అప్పుడు చెప్పిన వేగాన్ని బట్టి ఉంటుంది. వేగంగా పరిగెత్తుతానని చెప్పేవాళ్లు పాత పోటీ ఫలితంతో రుజువు చూపించాలి.

డ్రైవర్ల సంగతి ఒక మాట. డిస్నీలో పనిచేసే ప్రతివాళ్ల నేమ్ ట్యాగ్ మీదా పేరు కింద వాళ్ల సొంత ఊరు రాసి ఉంటుంది. మా బస్సు నడిపినాయనది ప్యూర్టో రికో. దిగేటప్పుడు పలకరిస్తే, నేనూ బస్సుల మనిషినే అని తెలిసి, బ్రేకులు ఎలా ఉంటాయో రెండు నిమిషాలు మాట్లాడాడు. మన కండక్టర్ల చొక్కాలకీ పేరుతో పాటు ఊరి పేరు ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. సగం తగాదాలు "మీది ఏ ఊరు" దగ్గరే ఆగిపోయేవి.

ఎప్‌కాట్ అనే పార్కు పార్కింగ్ స్థలంలో దింపారు. అక్కడి నుంచి సెక్యూరిటీ, బ్యాగుల తనిఖీ, పోర్టబుల్ టాయిలెట్ల వరసలు, వేదిక మీద మైకులు, పెద్ద తెరలు. పరిగెత్తేవాళ్లు ఇంకా చాలా దూరం నడిచి తమ గుంపు చేరాలి. కొరాల్ దాకా నడకే బాగా పడుతుంది, కొత్తవాళ్లు దాన్ని లెక్కలో వేసుకోవాలి. మనలాంటి చూసేవాళ్లను ఒకచోట ఆపేస్తారు. అమ్మాయి వెనక్కి తిరిగి చెయ్యి ఊపి జనంలో కలిసిపోయింది. అయిదింటికి జాతీయ గీతం, ఆ తర్వాత ప్రతి గుంపు వదిలినప్పుడూ బాణసంచా. మొదటి గుంపుకే కాదు, చివరి గుంపుకీ కాలుస్తారు. ఈ పని నాకు నచ్చింది.

చూసేవాళ్లకు నా సలహా ఇది. బాణసంచా చూస్తూ అక్కడే కూర్చోకండి. ఎప్‌కాట్ నుంచి మోనోరైలు, అంటే ఒకే పట్టా మీద నడిచే రైలు, ఎక్కండి. పరుగు రోజున అది ముందుగానే నడుస్తుంది. మ్యాజిక్ కింగ్‌డమ్ ముందున్న టికెట్ సెంటర్ దగ్గర దిగితే పరుగు దారి పక్కనే నిలబడొచ్చు. నేను అదే చేశాను. సూర్యోదయం ఏడు దాటాకే, కాబట్టి అమ్మాయి వచ్చేసరికి ఇంకా చీకటే. ఫోన్‌లో ట్రాకింగ్ ఉంటుంది, బిబ్‌లో, అంటే చొక్కాకి తగిలించుకునే నంబరు కాగితంలో, ఉన్న చిప్ ఫలానా దూరం దాటిందని చెప్తుంది. అయినా నమ్మకండి, కళ్లు రోడ్డు మీదే ఉంచండి. వేల మందిలో మనవాళ్లని పట్టుకోవాలంటే చొక్కా రంగు ముందే అడిగి పెట్టుకోండి. మా అమ్మాయి నల్ల చుక్కల తెల్ల చొక్కా వేసుకుంది. తీరా చూస్తే ఆ రోజు నల్ల చుక్కల చొక్కాలు యాభై పైనే వెళ్లాయి. పైగా చూసేవాళ్లకు డబ్బు కట్టి కొనుక్కునే ప్యాకేజీలూ ఉన్నాయి, ప్రత్యేక స్థలం, ముగింపు దగ్గర కూర్చునే చోటు ఇస్తారు. మోకాళ్లు బాగాలేనివాళ్లకు అది పనికొస్తుంది. నేను కొనలేదు, రోడ్డు పక్కన నిలబడటం నాకు అలవాటే.

దారంతా డిస్నీ బొమ్మల వేషధారులు నిలబడి ఉంటారు. పరిగెత్తేవాళ్లు ఆగి, క్యూలో నిలబడి, ఫోటోలు దిగి, మళ్లీ పరిగెత్తుతారు. ఆ సేపంతా గడియారం ఆగదు. ఇదేం పరుగు అని మొదట నవ్వొచ్చింది. కాసేపటికి తెలిసింది, ఇక్కడ చాలామందికి టైము కాదు కావాల్సింది. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మెయిన్ స్ట్రీట్ మీదుగా వెళ్లి, వెనక నుంచి సిండ్రెల్లా కోట లోంచి బయటికి రావడం, ఆ ఫోటో. కోట ఎత్తు 189 అడుగులు. అమ్మాయి ఆ ఫోటో కోసమే నాలుగు నెలలు తెల్లవారుజామున లేచింది. పరుగు తర్వాత మాట్లాడినా ఆ కోట గురించే మాట్లాడింది, టైము గురించి అడిగితే గానీ చెప్పలేదు. ఫుల్ మారథాన్ వాళ్లయితే యానిమల్ కింగ్‌డమ్ అనే ఇంకో పార్కు మీదుగా కూడా వెళ్తారు. అక్కడ ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ అనే రోలర్ కోస్టర్ ఉంది. పార్కు తెరిచే వేళకు అక్కడికి చేరినవాళ్లు కొందరు పరుగు మధ్యలో అదెక్కి దిగి మళ్లీ పరిగెత్తుతారట. అమ్మాయితో పాటు పరిగెత్తినావిడ ఇది ఎంతో గొప్పగా చెప్పింది, నేను తల ఊపాను.

వెనకబడేవాళ్ల సంగతి కూడా తెలుసుకోండి. మైలుకి 16 నిమిషాలు, అంటే కిలోమీటరుకి సుమారు పది నిమిషాల వేగం తగ్గకూడదు. హాఫ్ మారథాన్ మొత్తానికి దాదాపు మూడున్నర గంటలు. చివరి గుంపు చివర్లో కొందరు ఆడవాళ్లు బెలూన్లు కట్టుకుని సరిగ్గా ఆ వేగంతో నడుస్తారు. వాళ్లని బెలూన్ లేడీస్ అంటారు. వాళ్ల వెనకపడితే ఆపి, బస్సెక్కించి, ముగింపు దగ్గరికి తీసుకెళ్లిపోతారు. నా జన్మలో ఖాళీగా వెళ్లాలని అందరూ కోరుకున్న బస్సు అదొక్కటే. ఇక్కడ ఒక కిటుకుంది: ముందు గుంపుల్లో మొదలుపెట్టినవాళ్లకు బెలూన్లకీ తమకీ మధ్య ఎక్కువ సమయం దొరుకుతుంది, ఫోటోలకు ఆగినా భయం లేదు. చివరి గుంపులో పడ్డవాళ్లు ఆగకుండా పోవాల్సిందే. ఫోటోల కోసమే వెళ్లేవాళ్లు ఈ లెక్క తెలుసుకుని వెళ్తే టెన్షన్ ఉండదు.

వాతావరణం చేతిలో ఉండదు. 2017లో మెరుపుల వల్ల హాఫ్ మారథాన్ పూర్తిగా రద్దయింది. అలాంటి రోజు వస్తే ఏం చేస్తావని అమ్మాయిని ముందే అడిగాను. హోటల్ చుట్టూ పరిగెత్తుతానంది. మా వారం చల్లగా, పొడిగా గడిచింది.

ముగింపు మళ్లీ ఎప్‌కాట్ దగ్గరే. చివరి మైళ్లలో ఫ్లైఓవర్ లాంటి ఎత్తులు ఉంటాయట, అక్కడ పచ్చ సైనికుడి వేషంలో ఒకడు నిలబడి అరిచి నడిపిస్తాడట. ముగింపుకి ముందు చర్చి పాటల బృందం పాడుతూ ఉంటుంది. అమ్మాయి ఎనిమిది దాటాక వచ్చింది. మెడల్, వెండి రంగు రేకు దుప్పటి, అరటిపండు, చిరుతిళ్ల డబ్బా ఇచ్చారు. తిరుగు బస్సులు కూడా ఎక్కడా ఆగలేదు. మన దగ్గర సభకు తీసుకెళ్లడం బాగానే ఉంటుంది, తిరుగు ప్రయాణం దగ్గరే పరువు పోతుంది. ఇక్కడ అదీ బాగుంది.

ఇప్పుడు రెండు మార్కుల సంగతి. మా అల్లుడు గారి మొదటి పట్టికలో శుక్రవారం ఒక పార్కు, శనివారం పరుగు తర్వాత మధ్యాహ్నం నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్, ఆదివారం ఇంకొకటి ఉన్నాయి. ఇంటర్నెట్‌లో అందరూ అలాగే చేస్తారట. నేను ట్రాఫిక్ షెడ్యూలు గీసిన చేత్తో ఆ పట్టిక మార్చాను. డ్రైవర్‌కి విశ్రాంతి లేకుండా డబుల్ డ్యూటీ వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. పార్కులో ఒక రోజంటే పదిహేను, ఇరవై వేల అడుగులు నడవడం మామూలు. పోటీకి ముందురోజు అంత నడిచి, రెండింటికి లేచి, 21 కిలోమీటర్లు పరిగెత్తిన మనిషి సాయంత్రం స్ట్రోలర్ తోసుకుంటూ కోట ముందు చిరునవ్వుతో నిలబడదు. నిలబడినా పక్కవాళ్ల మీద విరుచుకుపడుతుంది. రెండింటికి లేవాలంటే ముందురోజు ఏడింటికి పడుకోవాలి. పిల్లలు ఏడింటికి పడుకుంటారా?

కాబట్టి మేం పార్కు టికెట్లు సోమ, మంగళవారాలకే కొన్నాం. ముందు రోజులన్నీ టికెట్ లేని రోజులు. నా లెక్కలో ఈ మొత్తం ట్రిప్పులో అన్నిటికంటే బాగున్నవి అవే. ఎందుకంటే డిస్నీ వరల్డ్‌లో బస్సులు, మోనోరైలు, పడవలు, గాలిలో వెళ్లే స్కైలైనర్ పెట్టెలు ఏవీ డబ్బులడగవు. పార్కు గేటు దాటనంతవరకు టికెట్ అక్కర్లేదు. మా హోటల్ దగ్గర చెరువు మీద వంతెన ఉంది, దాని మధ్యలోనే స్కైలైనర్ స్టేషన్. ఒక్కో పెట్టెలో పదిమంది పడతారు. ఏసీ ఉండదు, కదులుతున్నంతసేపూ గాలి ఆడుతుంది. పెట్టెలు పూర్తిగా ఆగవు, మెల్లగా కదులుతుండగానే ఎక్కాలి. కానీ వీల్‌చెయిర్ వాళ్లకు పక్కన వేరే దారి పెట్టారు, అక్కడ పెట్టె ఆగుతుంది, వెనక వచ్చేవాళ్ల క్యూ ఆగదు. ఇంత చిన్న ఉపాయం ఎంత పెద్ద పని చేస్తుందో చూసి ఒక సాయంత్రం అక్కడే నిలబడిపోయాను. మనవరాలు అయిదుసార్లు ఎక్కి దిగింది.

మోనోరైలు 1971లో పార్కుతో పాటే మొదలైంది. ఎప్‌కాట్ దారి 1982లో కలిపారు. తలుపులు మూసేముందు స్పానిష్‌లో కూడా జాగ్రత్త చెప్తారు. మా మనవడు ఇప్పటికీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మూసేముందు ఆ స్పానిష్ వాక్యాన్ని తన భాషలో అంటున్నాడు. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి సరస్సు మీదుగా పెద్ద ఫెర్రీ కూడా ఉంది. ఆ ఫెర్రీల్లో ఒకదానికి అడ్మిరల్ జో ఫౌలర్ పేరు పెట్టారు. నౌకాదళం నుంచి వచ్చి డిస్నీ పార్కుల నిర్మాణం చూసినాయన. బండికి నటుల పేరు కాకుండా పని చేసినవాడి పేరు పెట్టడం నాకు మర్యాదగా తోచింది.

ఆ టికెట్ లేని రోజుల్లోనే అమ్మాయి బిబ్, చొక్కా తెచ్చుకోవడానికి ఎక్స్‌పోకి వెళ్లాం. ఈఎస్‌పీఎన్ వైడ్ వరల్డ్ ఆఫ్ స్పోర్ట్స్ అనే ఆటల ప్రాంగణంలో పెడతారు. పరిగెత్తే మనిషే ఫోటో గుర్తింపు కార్డుతో స్వయంగా వెళ్లాలి, భర్తని పంపితే ఇవ్వరు. దుకాణాల క్యూలు పెద్దవి. చొక్కాలు, కప్పులు, పిన్నుల కోసం జనం ఆవురావురుమంటూ ఉన్నారు. మేం బిబ్ తీసుకుని బయటపడ్డాం. పిల్లలకు వేరే చిన్న చిన్న పరుగులు ఉన్నాయి. పాకే పసిపిల్లలకు డయపర్ డాష్ కూడా ఉంది. మనవరాలు తన పరుగు పూర్తిచేసి మెడల్ వేసుకుని, అమ్మ పరిగెత్తకముందే ఇంట్లో మొదటి పతకం తనదేనని చెప్పుకుంది.

పార్కుల గురించి మా వయసువాళ్లకు పనికొచ్చేవి మాత్రం చెప్తాను. ఎప్‌కాట్‌లో లివింగ్ విత్ ద ల్యాండ్ అనే పడవ ప్రయాణం ఉంది. నిదానంగా గ్రీన్‌హౌస్‌ల మధ్యనుంచి వెళ్తుంది, మట్టి లేకుండా పెంచే మొక్కలు, వేలాడే కాయలు, చేపల తొట్లు చూపిస్తారు. మా ఆవిడ పుట్టింటివాళ్లది కంకిపాడు దగ్గర వ్యవసాయం. పడవలో కూర్చుని వంకాయల పెంపకం గురించి గైడు గొంతు చెప్పేదాని కంటే ఎక్కువ ఆవిడే చెప్పింది, పక్కనున్న అమెరికా దంపతులు శ్రద్ధగా విన్నారు. ఎప్‌కాట్ సరస్సు చుట్టూ పదకొండు దేశాల మంటపాలున్నాయి, చుట్టి రావాలంటే సుమారు 1.2 మైళ్లు. అందులో భారతదేశం లేదు. ఆ లోటు కొంత యానిమల్ కింగ్‌డమ్‌లో తీరుతుంది. అక్కడ ఆసియా భాగంలో ఆనందపూర్ అనే కల్పిత ఊరు కట్టారు. పాత గోడలు, వెలిసిన పోస్టర్లు, తుప్పు సైకిళ్లు, పక్కనే పులులున్న మహారాజా జంగిల్ ట్రెక్. తుప్పు కూడా డబ్బిచ్చి వేయించుకున్నారని తెలిసి ఆశ్చర్యపోయాను. కిలిమంజారో సఫారీ ట్రక్కు కుదుపుతుంది, నడుము నొప్పి ఉన్నవాళ్లు ఆలోచించుకోండి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కాళ్లు లాగినప్పుడు పీపుల్‌మూవర్ అనే చిన్న బండి ఎక్కండి. పైన మెల్లగా తిరుగుతుంది, క్యూ కూడా తక్కువ.

మా ఆవిడకి వీల్‌చెయిర్ అద్దెకు తీసుకున్నాం. మొదట నామోషీ పడింది. బస్సు దగ్గర డ్రైవర్ దిగొచ్చి, ర్యాంప్ వేసి, కుర్చీని నేలకు బిగించి, అందరికంటే ముందు ఎక్కించేసరికి నామోషీ పోయింది. మర్నాడు "కుర్చీ ఎక్కడ" అని తనే అడిగింది.

తిండికి మూడే ఎందుకంటే, పార్కుల్లో శాకాహారం దొరుకుతుంది గానీ మన నాలుక్కి తగిలేది తక్కువ. సొంత తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు, మద్యం తప్ప. పులిహోర డబ్బా తనిఖీలో తెరిచి చూసి మూసి ఇచ్చేశారు. ఒక్క మంచి భోజనం సనా అనే రెస్టారెంట్‌లో దొరికింది. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే హోటల్లో, కిడానీ విలేజ్ అనే భాగంలో ఉంది. నాన్ రొట్టెలు, వాటితో రకరకాల పచ్చళ్లు, చట్నీలు వస్తాయి, కిటికీ బయట జిరాఫీలు తిరుగుతుంటాయి. దీనికి పార్కు టికెట్ అక్కర్లేదు. ముందే బుక్ చేసుకోండి. ఓర్లాండో ఊళ్లో ఒక ఇండియన్ హోటల్‌కి కూడా వెళ్లాం, పేరు చెప్పను. సాంబారు తియ్యగా ఉంది, దోశ చల్లగా వచ్చింది, బిల్లు మాత్రం వేడిగా వచ్చింది.

ఎవరు వెళ్లొచ్చు? పరిగెత్తేవాళ్లు ఒక్కరే ఉండి, మిగతావాళ్లు ఓపికగా చూసేవాళ్లయితే నిశ్చింతగా వెళ్లొచ్చు. భార్యాభర్తలిద్దరూ ఒకే రోజు పరిగెత్తాలనుకుంటే, తెల్లవారుజామున రెండింటి నుంచి పదింటి దాకా పిల్లల్ని ఎవరు చూస్తారో ముందు తేల్చుకోండి. "అమ్మానాన్నలు ఉన్నారుగా" అని మాత్రం అనుకోకండి, వాళ్లనీ ఒకసారి అడగండి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు విజిటర్ ఇన్సూరెన్స్ లేకుండా ఈ ప్రయాణం వద్దు. రెండు పార్కులు చాలు. హాలీవుడ్ స్టూడియోస్ అనే పార్కులో గుండెలు జారే రైడ్లు ఎక్కువ, మా వయసుకు అనవసరం.

అల్లుడు గారు మాత్రం అక్కడికి ఒక్కరే వెళ్లొచ్చారు, స్టార్ వార్స్ సినిమాల తరహాలో కట్టిన గెలాక్సీస్ ఎడ్జ్ చూడాలని. సాయంత్రం ఆయన చేతిలో వెలిగే కత్తి ఒకటి ఉంది, అక్కడే దగ్గరుండి చేయించుకున్నారట. ధర అడిగితే 200 డాలర్లు దాటిందన్నారు. "మామయ్య గారూ, అమ్మాయి ఎంట్రీ ఫీజు కూడా దాదాపు అంతే కదా" అన్నారు. దాని మీద వాళ్లిద్దరి చర్చ కమ్మింగ్ చేరాక కూడా తెగలేదు. నేనైతే ఏ పక్షమూ తీసుకోలేదు, మనవడు ఆ కత్తితో నన్ను రోజుకి రెండుసార్లు చంపుతున్నాడు కాబట్టి.